తెలుగు పుస్తకాలకి ఏ తెర? ఈ-రీడర్, ట్యాబ్ మధ్య ఒక ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

హార్డ్ డిస్కులో "పుస్తకాలు" అన్న ఫోల్డరు ఏళ్ళ తరబడి లావెక్కుతూనే ఉంది. అందులో చదివినవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దించుకోవడం తేలికే కానీ, కంప్యూటర్ ముందు నిటారుగా కూర్చుని నవల చదవడం నావల్ల కాదు. కాబట్టి ఈ ఫోల్డరుకంటూ ఒక పరికరం కావాలి. పుస్తకాలు చదవడానికే చేసిన ఈ-రీడర్ తీసుకోవాలా, ఇంట్లో ఉన్న ట్యాబ్‌తోనే సరిపెట్టుకోవాలా అన్నది తేల్చడమే ఈ ప్రాజెక్టు.

దీని మీద దొరికే సలహాలన్నీ దాదాపు ఇంగ్లీషు నవలలు చదివేవాళ్ళవి. కళ్ళకి హాయి కావాలంటే ఈ-రీడర్, అన్ని పనులూ కావాలంటే ట్యాబ్ అని చెప్పి ఊరుకుంటాయి. నా ఫోల్డరులో ఎక్కువ భాగం తెలుగు, ఆ తెలుగులో సగానికి పైగా పాత పుస్తకాల స్కాన్లు. ఇంగ్లీషు నవలకి పనికొచ్చిన తీర్పు వీటికి పనికొస్తుందన్న నమ్మకం నాకు లేదు.

సరంజామా ఇది. ఇంట్లోని 10.1 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్ ఒకటి, తెర 1920×1200. ఒక స్నేహితుడు "చూసి ఇచ్చెయ్" అని అప్పిచ్చిన 6 అంగుళాల ఈ-రీడర్ ఇంకొకటి. తర్వాత 7.8 అంగుళాలది కూడా చేతికొచ్చింది, దాని సంగతి దాని చోట రాస్తాను. ఏ కంపెనీదో రాయడం లేదు. ఈ-రీడర్లలో చాలావాటికి కాగితంలా కనబడే తెర పలక ఈ-ఇంక్ అనే ఒకే సంస్థ నుంచి వస్తుంది, ఆ తెరనీ ఈ-ఇంక్ అనే అంటారు, అందుకని తెర గురించి రాసేది బ్రాండు మారినా పెద్దగా మారదు.

ముందు గుట్టని విడదీయడం

పరికరం కన్నా ముందు తేలాల్సింది, నేను చదవబోయేది ఏ రూపంలో ఉంది అన్నది. అన్నిటినీ కాలిబర్‌లోకి ఎక్కించాను. 2006లో కోవిద్ గోయల్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, ఈ-పుస్తకాలతో ఏ పని పెట్టుకున్నా ఎప్పుడో ఒకప్పుడు దీని గడప తొక్కాల్సిందే. రూపాన్ని బట్టి ట్యాగులు పెడుతూ పోతే మూడు కుప్పలు తేలాయి.

ఒకటి ఈపబ్‌లు. వీటిలో అక్షరం యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ ఉన్న ప్రామాణిక సంకేతాలు) అక్షరంగానే ఉంటుంది, తెర ఎంతుంటే వాక్యం అంతలో సర్దుకుంటుంది. తెలుగు వికీసోర్సు అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం నుంచి పుస్తకాన్ని నేరుగా ఈపబ్‌గా దించుకోవచ్చు, నా దగ్గరున్నవాటిలో ఎక్కువ అక్కడివే. ఇది చిన్న కుప్ప.

రెండోది డీటీపీ చేసిన పీడీఎఫ్‌లు. పైకి కడిగిన ముత్యాల్లా ఉంటాయి. ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే అసలు సంగతి బయటపడుతుంది: చాలావాటి లోపల ఉన్నది యూనికోడ్ కాదు, అను ఫాంట్లు, అంటే రోమన్ అక్షరాల సంకేతాలకి తెలుగు ఆకారాలు తొడిగిన పాత పద్ధతి. అతికించిన చోట రోమన్ అక్షరాలూ గుర్తులూ కలిసి గందరగోళంగా వస్తాయి. వీటిలో ఒక మాటని వెతకలేం, నిఘంటువుకి పంపలేం, ఈపబ్‌గా మార్చబోతే అదే గందరగోళం పుస్తకం నిండా పరుచుకుంటుంది. నా లెక్కలో ఇవి కూడా బొమ్మల కిందే లెక్క.

మూడోది స్కాన్లు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేయగా తర్వాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరిన పాత పుస్తకాలే వీటిలో ఎక్కువ. పసుపు తిరిగిన కాగితం, ఒక పేజీ వంకర, ఇంకో పేజీలో స్కాన్ చేసినాయన బొటనవేలు. ఇదే పెద్ద కుప్ప.

ఇక్కడికే ఒక సంగతి తేలింది. బొమ్మ రూపంలో ఉన్న పేజీకి తెర కొలత ముఖ్యం, ఈపబ్‌కి తెర స్వభావం ముఖ్యం. రెండు ప్రశ్నలనీ విడివిడిగా పరీక్షించాలి.

ఈపబ్‌తో మొదటి రోజు

ట్యాబ్‌లో ఏ గొడవా లేదు. ఏ రీడింగ్ యాప్ తెరిచినా తెలుగు చక్కగా వచ్చింది. దీని గురించి రాయడానికి ఇంకేం లేదు, అదే దాని గొప్పతనం.

ఈ-రీడర్‌లో అదే పుస్తకం తెరిస్తే వత్తులు అక్షరాల కింద ఉండకుండా పక్కకొచ్చి నిలబడ్డాయి. గుడులూ కొమ్ములూ చుక్కల సున్నాలకి తగులుకుని వేలాడుతున్నాయి. ఫాంటు లేక వచ్చిన తంటా కాదిది, ఫాంటు పడింది. లేనిదల్లా అక్షరాల్ని కూర్చే యంత్రాంగం. యూనికోడ్‌లో "స్త్రీ" అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, వరసగా ఆరు సంకేతాలు. ఆరింటినీ కలిపి ఒక్క రూపంగా పేర్చే పనిని షేపింగ్ అంటారు. ఆండ్రాయిడ్‌లో ఆ పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ మనకి తెలీకుండానే చేసిపెడుతుంది. ఈ రీడర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ మాత్రం ఆరింటినీ ఆరుగా పరిచేసింది.

ఈ-రీడర్ల లోకంలో తెలుగు ఇలా ఆలస్యం కావడం కొత్తేమీ కాదు. 2016 డిసెంబరులో అమెజాన్ వాళ్ళ కిండిల్ మీద భారతీయ భాషల పుస్తకాలు మొదలైనప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి. ఆ ఐదింటిలో తెలుగు లేదు. కొనబోయే ముందు "నా భాష చూపిస్తుందా?" అని అడగాల్సిన అవసరం ట్యాబ్ కొనేవాడికి లేదు, ఈ-రీడర్ కొనేవాడికి ఉంది.

కోరీడర్ ఎక్కించాక

స్నేహితుడిని అడిగి అతని రీడర్‌లో కోరీడర్ దించాను. పుస్తకాలు తెరిచి చదివే సాఫ్ట్‌వేర్ ఇది, ఉచితం, ఓపెన్ సోర్స్. కోబో, పాకెట్‌బుక్, ఆండ్రాయిడ్ మీద నడిచే రీడర్లన్నిటికీ దొరుకుతుంది. కిండిల్‌కీ ఉంది కానీ దాని తాళం పగలగొట్టాకే. కోరీడర్ కూడా హార్ఫ్‌బజ్‌నే వాడుతుంది, కాబట్టి ఫాంట్ల ఫోల్డరులో ఒక తెలుగు ఫాంటు వేసి తెరవగానే వత్తులన్నీ ఎక్కడివక్కడ కూర్చున్నాయి. రెండు రోజులుగా పీకుతున్న సమస్య ఒక్క ఫైలు కాపీతో పోయింది.

ఇక ఫాంటు ఎంపిక. నోటో సెరిఫ్ తెలుగు, మండలి, సూరన్న మూడూ ఎక్కించి ఒకే పేజీని మార్చి మార్చి చూశాను. ట్యాబ్‌లో అందంగా కనబడే సన్నని గీతల ఫాంటు ఈ-ఇంక్ మీద నీరసంగా కనబడుతుంది. ఈ తెర తెలుపు అచ్చమైన తెలుపు కాదు, లేత బూడిద, నలుపూ అంతే. కార్టా అనే తరం ఈ-ఇంక్‌లో నలుపు తెలుపుల తేడాని 15:1 అని చెబుతారు, ట్యాబ్‌లలో ఉండే మామూలు ఎల్‌సీడీ తెరలో అది 1000:1 దాకా ఉంటుంది. అందుకని గీత కాస్త లావుగా ఉండాలి. చివరికి నోటో సెరిఫ్‌నే ఒక మెట్టు మందం పెంచి పెట్టుకున్నాను. సూరన్న నాకు ఇష్టమే, శీర్షికలకి వదిలేశాను.

వరసల మధ్య జాగా ఇంగ్లీషుకి సరిపోయినంత తెలుగుకి చాలదు. పైన గుడి, కింద వత్తు, వత్తు కింద ఇంకో వత్తు. ముందే ఉన్న కొలతతో పై వరస క్రావడి కింది వరస తలకట్టుని తాకుతోంది. ఒకటిన్నర రెట్లకి పెంచాక ఊపిరాడింది. పెంచిన మేరకి పేజీలో వరసలు తగ్గుతాయి, 6 అంగుళాల మీద ఆ లోటు బాగానే తెలుస్తుంది.

రెండు వైపులా అంచులు సమంగా కలిపే అమరికని తీసేశాను. "వెళ్ళిపోవాలనుకుంటున్నప్పటికీ" లాంటి మాట ఒక్కటే సగం వరస తింటుంది. అది కింది వరసకి జారితే పైన మిగిలిన మూడు మాటల మధ్యా గుంటలు పడతాయి. ఎడమ అంచు మాత్రమే సమంగా ఉంచి, కుడివైపు ఎక్కడ ఆగితే అక్కడ ఆగనివ్వడమే చిన్న తెర మీద తెలుగుకి మర్యాద.

ఇన్ని సర్దుబాట్లయ్యాక ఈపబ్ చదవడంలో ఈ-రీడర్‌దే పైచేయి. ఒక పెద్ద కథల సంపుటి దాని మీదే పూర్తి చేశాను, ట్యాబ్ తీయాలనిపించలేదు.

స్కాన్లు, కొలబద్ద

అసలు పోరాటం ఇక్కడ. తెరల్ని అంగుళాల్లో చెబుతారు, పుస్తకాల్ని డెమీ, క్రౌన్ అంటారు. రెంటినీ ఒకే కొలతలోకి తెస్తే తప్ప పోల్చలేం. కొలబద్ద తీశాను.

డెమీ 1/8 పుస్తకం పేజీ సుమారు 14×21.6 సెం.మీ. బీరువాలోంచి ఒకటి తీసి అచ్చు ఉన్న మేర మాత్రం కొలిస్తే 10.5×17 వచ్చింది. మిగతాదంతా అంచుల తెలుపు.

6 అంగుళాల రీడర్ తెర 9.1×12.2 సెం.మీ. మొత్తం పేజీని అందులో ఇరికిస్తే అసలు కొలతలో 56 శాతానికి కుంచించుకుపోతుంది. 12 పాయింట్ల అచ్చు 7 పాయింట్ల కిందకి దిగుతుంది, అంటే మందు సీసా మీద రాతే. అంచులు కత్తిరించి అచ్చు భాగాన్ని మాత్రమే చూపిస్తే 72 శాతం, అంటే ఎనిమిదిన్నర పాయింట్లు. చదవొచ్చు, కానీ ఒక అధ్యాయం తర్వాత నుదురు ముడిపడుతుంది.

అదే రీడర్‌ని అడ్డంగా తిప్పితే 12.2 సెం.మీ. వెడల్పు దొరుకుతుంది. అచ్చు అసలు కన్నా కొంచెం పెద్దదే అవుతుంది, 116 శాతం. కాకపోతే ఒకసారికి పేజీలో సగం కన్నా తక్కువ కనబడుతుంది, ఒక పేజీకి మూడుసార్లు తిప్పాలి. వచనానికి పరవాలేదు. పద్యం పై ముక్కలో, తాత్పర్యం కింది ముక్కలో పడినప్పుడు మాత్రం విసుగొస్తుంది.

ఇక ట్యాబ్. 10.1 అంగుళాలు, 16:10 నిష్పత్తి. నిలువుగా పట్టుకుంటే తెర 13.6×21.8 సెం.మీ. డెమీ 1/8 పేజీ పక్కన పెట్టి చూస్తే దాదాపు ఒకదాని మీద ఒకటి అతికినట్టుంది. సినిమాల కోసం పొడుగ్గా చేసిన తెర మన అచ్చు పుస్తకానికి ఇలా సరిపోవడం కాకతాళీయమే, కానీ స్కాన్లు చదివేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? అంచులు కత్తిరించక్కర్లేదు, జూమ్ అక్కర్లేదు, పేజీని పేజీలా చూడొచ్చు.

ఈ లెక్క అయ్యేసరికి ట్యాబ్ గెలిచేసిందనే అనుకున్నాను.

స్కాన్లకి స్నానం

అయినా ఈ-రీడర్ మీద ఆశ చావలేదు. కే2పీడీఎఫ్‌ఆప్ట్ అనే పనిముట్టు ఒకటుంది. ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని గుర్తించి పాఠంగా మార్చడం) లేకుండానే, స్కాన్ పేజీలో మాటల బొమ్మల్ని కత్తిరించి చిన్న తెరకి తగ్గట్టు మళ్ళీ పేరుస్తుంది. కోరీడర్ లోపల కూడా ఇదే ఉంది. ఇంగ్లీషు పేజీ మీద దీని పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. తెలుగు పేజీ మీద నాకు సగమే పనిచేసింది. వరసకీ వరసకీ మధ్య తెల్లటి గీత దొరికితేనే అది వరసని విడదీయగలదు. పాత పుస్తకాల్లో వత్తులు కింది వరస గుడుల మధ్యకి దిగి ఉంటాయి కాబట్టి ఆ గీత దొరకదు. కొన్ని చోట్ల రెండు వరసలు ఒకటిగా అతుక్కున్నాయి, కొన్ని చోట్ల వత్తుల తోకలు తెగి కింది వరసకి పోయాయి. పాత పుస్తకాలకి దీన్ని వదిలేశాను. అంచులు కత్తిరించడానికి మాత్రం భేషుగ్గా ఉంది.

వేగం ఇంకో చిక్కు. ఆర్కైవ్ నుంచి దించిన పీడీఎఫ్‌లలో చాలావాటిలో పేజీ బొమ్మ జేపెగ్ 2000 పద్ధతిలో కుదించి ఉంటుంది. ఫైలు చిన్నదవుతుంది కానీ విప్పడానికి ప్రాసెసర్ చెమటోడ్చాలి. ట్యాబ్‌కి తెలీను కూడా తెలీదు. ఈ-రీడర్ మాత్రం పేజీ తిప్పాక ఆలోచనలో పడుతుంది, ఈలోగా ముందు వాక్యం ఏమిటో మనం మర్చిపోతాం.

ఈ నిదానానికీ, స్కాన్ల మురికికీ మందు ఒకటే. స్కాన్ పేజీల్ని శుభ్రం చేసే స్కాన్‌టైలర్ అనే పనిముట్టులో వేసి వంకర సరిచేసి, అంచులు కోసి, పసుపు తీసేసి అచ్చమైన నలుపు తెలుపుల్లోకి మార్చడం. ఆ పసుపు ట్యాబ్ మీద పాత పుస్తకపు అందంలా కనబడుతుంది, ఈ-ఇంక్ మీద బూడిదరంగై, ఉన్న కాస్త 15:1 తేడానీ తినేస్తుంది. శుభ్రం చేశాక డీజావూ ఫైలుగా కట్టాను. స్కాన్ల కోసమే 1990ల చివర్లో ఏటీ అండ్ టీ ల్యాబ్స్‌లో పుట్టిన రూపం ఇది, ఇప్పుడు దాన్ని తలిచేవాళ్ళు తక్కువ, కోరీడర్ మాత్రం హాయిగా తెరుస్తుంది. ఫైలు బరువు బాగా తగ్గింది, పేజీ వెంటనే తిరుగుతోంది, అక్షరం కొత్తగా అచ్చేసినట్టుంది. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన సాయంత్రం ఇదే.

ఓసీఆర్ కూడా ప్రయత్నించాను. టెసెరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కి తెలుగు వచ్చు. కొత్త అచ్చు మీద పరవాలేదు. పాత అచ్చులో ధ, థ తారుమారవుతాయి, "వు" కాస్తా "మ" అవుతుంది, అరసున్నలు గాల్లో కలిసిపోతాయి. వెతుక్కోవడానికి ఆ పాఠాన్ని బొమ్మ వెనక దాచి ఉంచడం బావుంది. చదవడానికైతే ప్రూఫులు దిద్దాలి, అది వేరే జీవితానికి సరిపడా పని.

వెలుతురు

మధ్యాహ్నం ఎండపడే కిటికీ దగ్గర ట్యాబ్ తెరలో నా మొహమే నాకు కనబడింది. వెలుతురు పూర్తిగా పెంచితే చదవొచ్చు, ట్యాబ్ వేడెక్కుతుంది. ఈ-ఇంక్‌కి ఎండ పడ్డకొద్దీ అక్షరం తేలుతుంది. ఎల్‌సీడీలో దీపం తెర వెనక ఉండి మన కంట్లోకి కొడుతుంది. ఈ-రీడర్‌లో చిన్న ఎల్‌ఈడీలు అంచున ఉండి, తెర మీద పరిచిన పారదర్శకపు పొర గుండా కాంతిని పేజీ మీదకి దించుతాయి, మనం చూసేది పేజీ మీద పడి తిరిగొచ్చిన వెలుతురుని.

రాత్రి సంగతికొస్తే అందరూ చెప్పే పరిశోధన ఒకటుంది. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రివాళ్ళు చేసి 2014లో పీఎన్‌ఏఎస్ అనే శాస్త్ర పత్రికలో వేశారు. పడుకోబోయే ముందు గంటల తరబడి ఐప్యాడ్ మీద చదివినవాళ్ళకి, అచ్చు పుస్తకం చదివిన రాత్రుల కన్నా నిద్ర పట్టడం సుమారు పది నిమిషాలు ఆలస్యమైంది, నిద్రకి సాయపడే మెలటోనిన్ హార్మోను కూడా తగ్గింది. దీన్ని పట్టుకుని ట్యాబ్‌ని తిట్టేవాళ్ళు రెండు సంగతులు వదిలేస్తారు. అందులో పాల్గొన్నది 12 మంది. ఐప్యాడ్ వెలుతురు పూర్తిగా పెంచి ఉంచారు. చీకటి గదిలో ఎవరూ అలా చదవరు. ట్యాబ్ వెలుతురు బాగా తగ్గించి, నల్ల నేపథ్యం మీద లేత అక్షరాలు పెట్టుకుంటే రాత్రి చదవడం నాకు ఇబ్బందనిపించలేదు. కళ్ళ విషయంలో పగలు ఈ-ఇంక్‌దే, రాత్రి దాదాపు సమానం అన్నది నా తీర్పు. డబ్బా మీద రాసినంత ఘనమైన తేడా అయితే లేదు.

బరువు, బ్యాటరీ

బరువు గురించి ఒక్క మాట చాలు: వెల్లకిలా పడుకుని చదివేవాళ్ళు ట్యాబ్ జోలికి పోకండి. నా ట్యాబ్ అర కేజీకి దగ్గర, చిన్న రీడర్ అందులో మూడో వంతు.

బ్యాటరీ మీద ప్రచారానికి మాత్రం కాస్త లెక్క కావాలి. "ఆరు వారాలు వస్తుంది" అన్న మాట కింద చిన్న అక్షరాల్లో రోజుకి అరగంట చదివితే, వైర్‌లెస్ ఆపి ఉంచితే అని ఉంటుంది. 42 అరగంటలంటే 21 గంటలు. ట్యాబ్ పది గంటల దాకా వస్తుంది. చదివే గంటలతో పోలిస్తే తేడా రెట్టింపే తప్ప వారాలకీ గంటలకీ ఉన్నంత కాదు. అసలు లాభం వేరే చోట ఉంది. ఈ-ఇంక్ రేణువులు ఒకసారి కదిలి నిలబడ్డాక ఆ పేజీని అలాగే పట్టి ఉంచడానికి కరెంటు అక్కర్లేదు. అటక మీద కొన్నాళ్ళు మర్చిపోయిన రీడర్‌ని తీసినా చదివించేస్తుంది. ట్యాబ్‌ని అలా వదిలేస్తే ముందు ఛార్జరు వెతుక్కోవాలి.

నాన్న చేతిలో

ఇంట్లో అందరికన్నా ఎక్కువ చదివేది నాన్న. ఆయనకి అక్షరం పెద్దగా ఉండాలి. "పెద్దవాళ్ళకి ఈ-రీడరే మంచిది" అన్న మాట చాలా చోట్ల విన్నాను కాబట్టి ముందు అదే ఇచ్చాను.

"పేజీ తిప్పినప్పుడల్లా ఇలా నల్లగా అదురుతుందేంరా?"

"పాత పేజీ మచ్చలు మిగలకుండా తుడుచుకుంటోంది నాన్నా. తగ్గించనా?"

తగ్గించాను. అప్పుడు పాత పేజీ అక్షరాలు లీలగా వెనక కనబడసాగాయి. అదీ నచ్చలేదు. ఆయనకి సరిపోయేంత అక్షరం పెంచితే 6 అంగుళాల తెర మీద వరసకి రెండు మాటలు. "ఇది పుస్తకమా, సినిమా పోస్టరా" అన్నారు. ట్యాబ్‌ని స్టాండు మీద ఆనించి బల్ల మీద పెట్టి ఇచ్చాను. బరువు సమస్య పోయింది, అదే పెద్ద అక్షరానికి వరసకి ఐదారు మాటలు పట్టాయి, నలుపు తెలుపుల తేడా ఎక్కువ కాబట్టి అక్షరం పదునుగా కనబడుతోంది. స్కాన్ పేజీనైతే రెండు వేళ్ళతో సాగదీసుకుంటున్నారు, ఆ పని ఈ-ఇంక్ మీద చేయడం సహనపరీక్ష. ఆ పూట నుంచి ట్యాబ్ నాకు తిరిగి రాలేదు. ఒక రకంగా సగం నిర్ణయం అక్కడే జరిగిపోయింది.

నిఘంటువు కోసం

ట్యాబ్‌కి ఇంకో బలం ఉంది, దాన్ని అందరూ బలహీనత అంటారు: నెట్. నోటిఫికేషన్లు మనసుని లాగుతాయి, నిజమే. చదివేటప్పుడు విమానం మోడ్ పెట్టుకుంటే ఆ గోల సగం పోతుంది. కానీ ప్రబంధమో, పాత వ్యాఖ్యానమో చదివేటప్పుడు పద్యానికొకసారి నిఘంటువు తెరవాలి. ట్యాబ్‌లో సగం తెరలో పుస్తకం, సగం తెరలో ఆంధ్రభారతి సైటులోని నిఘంటు శోధన. ఎన్నో నిఘంటువుల అర్థాలు ఒకే చోట వస్తాయి. ఈ చదువుకి నెట్ అవసరం, ఈ-రీడర్ ఇక్కడ పోటీలోనే లేదు.

కోరీడర్‌లో స్టార్‌డిక్ట్ అనే ఫైలు రూపంలో ఉన్న నిఘంటువులు వేసుకోవచ్చు. ఈపబ్‌లో మాట మీద వేలు నొక్కితే వెతుకుతుంది. అయితే తెలుగులో మాట విభక్తులతో, సంధులతో కలిసి ఉంటుంది. "ఇంట్లోంచి" అని వెతికితే నిఘంటువు నీళ్ళు నములుతుంది, మనమే మూలరూపం టైపు చేయాలి. ఈ-ఇంక్ కీబోర్డు మీద తెలుగు టైపు చేయడం ఎలా ఉంటుందో రాయకపోవడమే మంచిది.

7.8 అంగుళాలది

ఇది కూడా అరువే. తెర 1872×1404, 300 పీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), కొలిస్తే 11.9×15.8 సెం.మీ. పాత లెక్కలో వేశాను. అంచులు కోసిన డెమీ పేజీ ఇందులో 93 శాతం కొలతతో కూర్చుంటుంది. 12 పాయింట్ల అచ్చు 11 పాయింట్లు. అంటే స్నానం చేయించిన స్కాన్‌ని నిలువుగా పట్టుకుని, జూమ్ లేకుండా, ఒక పేజీకి ఒకసారే తిప్పి చదవొచ్చు. క్రౌన్ 1/8 పుస్తకాలైతే ఇంకా సుఖం. 6 అంగుళాలకీ దీనికీ మధ్య చూడ్డానికి తేడా కొంచెమే, స్కాన్ల విషయంలో మాత్రం చదవగలగడానికీ లేకపోవడానికీ ఉన్నంత తేడా.

10.3 అంగుళాల రీడర్లు కూడా ఉన్నాయి, అవి డెమీ పేజీకి దాదాపు పూర్తిగా సరిపోతాయి. కానీ ఆ కొలతవాటిలో చాలావాటికి అవే 1872×1404 చుక్కలు పరుచుకుని 227 పీపీఐకి దిగుతాయి, ఒంటిచేత్తో పట్టుకునే సుఖమూ పోతుంది. నోట్సు రాసుకునేవాళ్ళకి అవి బావుంటాయి. నాకు రాత పని లేదు.

రంగుల ఈ-ఇంక్ గురించీ ఆలోచించాను, బొమ్మలున్న పాత పిల్లల పత్రికల స్కాన్లు కొన్ని ఉన్నాయి కాబట్టి. కలీడో 3 అనే రంగుల ఈ-ఇంక్ తెరలో నలుపు తెలుపులు 300 పీపీఐ, రంగులు 150. మామూలు తెర మీదే రంగుల జల్లెడ పొర ఒకటి వేస్తారు, ఆ పొర కొంత వెలుతురు మింగేస్తుంది, తెలుపు ఇంకాస్త మసకవుతుంది. నా చదువులో నూటికి తొంభై పాళ్ళు నలుపు తెలుపులే. పది పాళ్ళ కోసం మిగతా అంతటినీ మసకబార్చుకోను. ఆ పత్రికలు నాన్న ట్యాబ్‌లో చూసుకుంటాను.

తీసుకున్నది

7.8 అంగుళాల నలుపు తెలుపుల ఈ-రీడర్, కోరీడర్ ఎక్కించుకోవడానికి వీలున్నది, కేబుల్ పెట్టి ఫైళ్ళు నేరుగా కాపీ చేసుకోనిచ్చేది. ఆ చివరి షరతు మీద పట్టుబట్టాను. 2009లో అమెజాన్ కొందరు పాఠకులు కొనుక్కున్న పుస్తకాల్ని వాళ్ళ కిండిల్‌లలోంచి దూరం నుంచే తీసేసింది, హక్కుల చిక్కు వచ్చిందని. 2025 ఫిబ్రవరి 26 నుంచి కొన్న పుస్తకాల్ని కంప్యూటర్‌కి దించుకుని కేబుల్‌తో ఎక్కించుకునే వీలు కూడా ఎత్తేసింది. నా ఫోల్డరులోవి ఏ దుకాణంలోనూ దొరికేవి కావు, కాబట్టి పరికరం దుకాణానికి కాకుండా ఫోల్డరుకి కట్టుబడి ఉండాలి.

ఇదే ఫోల్డరులో పెద్ద పేజీల పత్రికలు, పద్యకావ్యాలు మాత్రమే ఉండి ఉంటే రీడర్ కొనేవాణ్ణే కాదు, ట్యాబ్‌తో ఆగిపోయేవాణ్ణి. డెమీ, క్రౌన్ కొలతల నవలలూ కథలూ ఎక్కువ కాబట్టి ఇటు మొగ్గాను. కొలబద్ద, ఒక అచ్చు పుస్తకం దగ్గర పెట్టుకుంటే ఎవరి లెక్క వాళ్ళకి గంటలో తేలుతుంది.

ఇంకా మిగిలినవి: స్కాన్‌టైలర్‌లో అచ్చు భాగాన్ని తనంతట తాను గుర్తించే అమరిక పేజీ అడుగున ఉన్న వత్తుల్ని కోసేస్తోంది, కింది అంచులో రెండు మిల్లీమీటర్లు అదనంగా వదిలి మొత్తం కట్టని మళ్ళీ నడపాలి. అను ఫాంట్ల పీడీఎఫ్‌లని యూనికోడ్‌లోకి మార్చే పని ఒక పుస్తకంతో మొదలుపెట్టాను, అంకెలూ విరామచిహ్నాలూ ఇంకా తేడా వస్తున్నాయి. నాన్నకి వికీసోర్సు ఈపబ్‌లు ఎక్కించాలి, మూడోసారి అడిగారు.